టీ కొండలకు వెళ్ళి మంచి టీ తెచ్చుకోవడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

టీ పండే ఊళ్ళకు వెళ్ళి, తయారుచేసినవాళ్ళ దగ్గరే కూర్చుని రుచి చూసి, నచ్చిన ఆకును కొద్దికొద్దిగా హైదరాబాద్ తెచ్చి తెలిసినవాళ్ళకు అమ్ముతుంటాను. "మేమే వెళ్ళాలనుకుంటున్నాం, ఎలా?" అని అడిగేవాళ్ళు ఈ మధ్య బాగా పెరిగారు. ఫోన్లో ఒక్కొక్కరికీ చెబుతూ వచ్చిన జవాబులనే ఇక్కడ ఒకచోట రాశాను.

ఇంట్లో రోజూ తాగే టీకీ, మీరు చెప్పే సంప్రదాయ టీకీ తేడా ఏమిటి?

మొక్క ఒకటే. మన వంటింట్లో ఉండే గుండ్రటి గింజల్లాంటి టీపొడి సీటీసీ పద్ధతిలో చేసింది. పళ్ళున్న రోలర్ల మధ్య ఆకును నలిపి, చించి, చుట్టేస్తారు. 1930 ప్రాంతంలో అస్సాంలో మొదలైన యంత్రం ఇది. పాలు, పంచదార వేసి మరిగించినా రంగూ ఘాటూ తగ్గకూడదు కాబట్టి మనకు అదే సరిపోతుంది. ఇరానీ చాయ్ అంటే నాకు ప్రాణం, దాన్ని తక్కువ చేసి మాట్లాడటం లేదు.

సంప్రదాయ టీలో ఆకు ఆకుగానే ఉంటుంది. కోసిన ఆకును వాడబెట్టి, నలిపి, కావలసినంత మారనిచ్చి, వేడితో ఆపి, ఆరబెడతారు. ఆ మార్పు ఏమిటో అర్థం కావాలంటే వంకాయ కూర వండేటప్పుడు చూడండి. కోసిన ముక్కలను ఉప్పునీళ్ళలో వేయకపోతే కాసేపటికే నల్లబడతాయి. నలిగిన టీ ఆకులో జరిగేదీ దాదాపు అదే. మొదట్లోనే వేడి చూపించి ఆపేస్తే గ్రీన్ టీ, సగంలో ఆపితే ఊలాంగ్, పూర్తిగా వదిలేస్తే బ్లాక్ టీ. ఎక్కడ ఆపాలో తెలిసిన మనిషిని వెతుక్కుంటూ వెళ్ళడమే ఈ ప్రయాణమంతా.

మొదటిసారి ఎక్కడికి వెళితే మంచిది?

డార్జిలింగ్. పాస్‌పోర్ట్ అక్కర్లేదు, హిందీ వస్తే చాలు, బాగ్‌డోగ్రా దాకా విమానంలో వెళ్ళి అక్కడి నుంచి జీపులో కొండ ఎక్కొచ్చు. డార్జిలింగ్ పేరు వాడుకునే హక్కున్న తోటలు 87. వాటిలో చాలావరకు ముందుగా ఫోన్ చేసి అడిగితే ఫ్యాక్టరీ చూపిస్తాయి, రుచి చూపిస్తాయి. కర్సియాంగ్‌లో మకాం పెడితే రద్దీ తక్కువ, చుట్టుపక్కల తోటలకు వెళ్ళిరావడమూ తేలిక.

అంత దూరం వద్దనుకుంటే నీలగిరిలో కూనూర్ ఉంది. డిసెంబర్, జనవరి చలిలో మంచు పడే రోజుల్లో కోసిన ఆకుతో చేసే టీ అక్కడ అడగండి. ఆ చలికి ఆకు మెల్లగా పెరిగి మంచి వాసన కడుతుంది.

మొదటిసారే చైనాలోని యునాన్ వెళ్తామంటే మాత్రం వద్దంటాను. అక్కడ కొనాలంటే నాలుకకు కొంత అలవాటు ఉండాలి. ఎందుకో కింద చెప్తాను.

ఏ నెలలో వెళ్ళాలి?

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. ఊరు బాగున్నా నెల తప్పితే ప్రయాణం వృథా.

డార్జిలింగ్‌లో చలికాలమంతా మొక్క నిద్రపోతుంది. ఫిబ్రవరి ఆఖర్లోనో మార్చిలోనో మొదటి చిగురు వస్తుంది, దాన్నే ఫస్ట్ ఫ్లష్ అంటారు. లేత పసుపు రంగు నీళ్ళు, పూల వాసన, కొంచెం పచ్చిదనం. మే, జూన్‌లలో రెండో కోత. ఆకుపచ్చ దీపపు పురుగుల్లాంటి చిన్న పురుగులు ఆకు రసం పీలుస్తాయి. మొక్క తనను కాపాడుకోవడానికి కొన్ని సువాసన పదార్థాలను తయారుచేసుకుంటుంది. మస్కటెల్ అని ప్రపంచమంతా చెప్పుకునే, పండిన ద్రాక్షలాంటి ఆ వాసనకు మూలం ఆ కాటే. జూలై నుంచి సెప్టెంబర్ దాకా వానలు. కొండచరియలు విరిగి దారులు మూసుకుపోతాయి, టీ కూడా పలచగా ఉంటుంది, కాబట్టి ఆ నెలల్లో వెళ్ళకండి. అక్టోబర్, నవంబర్‌లలో శరత్కాలపు టీ వస్తుంది. ధర తక్కువ, రుచి నిండుగా ఉంటుంది. ఆకాశం తేటపడి కాంచన్‌జంగా కూడా కనిపిస్తుంది. మనవాళ్ళకు నేను ఎక్కువగా చెప్పేది ఈ నెలలే.

తైవాన్‌లో అలాంటి పురుగుల మీదే ఆధారపడి ఒక టీయే ఉంది. షిన్చు ప్రాంతంలో బేపు, ఎమే అనే ఊళ్ళలో జూన్ ప్రాంతంలో చేస్తారు, ఓరియంటల్ బ్యూటీ అంటారు. పురుగు కుట్టకపోతే ఆ టీ లేదు, అందుకని ఆ సమయంలో తోటలో పురుగుమందు కొట్టరు. అలీషాన్ లాంటి ఎత్తు కొండల ఊలాంగ్ కావాలంటే వసంతకాలంలో కానీ, చలికాలపు కోత అప్పుడు కానీ వెళ్ళాలి.

చైనాలో హాంగ్‌జౌ దగ్గరి లాంగ్‌జింగ్ గ్రీన్ టీకి ఛింగ్‌మింగ్ పండుగే గీత. ఏప్రిల్ 4, 5 తేదీల్లో వచ్చే ఆ పండుగకు ముందు కోసిన ఆకు ధర ఒకటి, తర్వాత కోసింది ఇంకొకటి. జపాన్‌లో వసంతం మొదలైన రోజు నుంచి 88వ రాత్రి లెక్కపెడతారు, అది మే 1 లేదా 2 అవుతుంది. కొత్త టీకి అది శుభదినం. శ్రీలంకలో కొండకు ఒక పక్క వాన పడుతుంటే రెండో పక్క పొడి గాలి వీస్తుంది. అందుకే దింబులలో మంచి టీ జనవరి నుంచి మార్చి దాకా, ఊవలో జూలై నుంచి సెప్టెంబర్ దాకా. వేసవి సెలవుల్లోనే కుదురుతుందంటే డార్జిలింగ్ రెండో కోతకు వెళ్ళండి.

ఫ్యాక్టరీకి వెళితే ఏం చూడాలి?

పగలు అందరూ తోట చూసి ఫోటోలు దిగి వెళ్ళిపోతారు. వీలైతే తెల్లవారుజామున ఫ్యాక్టరీలో ఉండేలా అనుమతి అడగండి. టీ తయారయ్యేది అప్పుడే.

ఒకసారి ఏప్రిల్‌లో కర్సియాంగ్ దగ్గర ఒక తోటలో అలాగే ఉన్నాను. పై అంతస్తులో పొడవాటి తొట్లు, వాటి మీద జల్లెడలాంటి వలలు, వలల మీద నిన్న కోసిన ఆకు. కింది నుంచి ఫ్యాన్ గాలి. నాలుగున్నరకు సూపర్‌వైజర్ దాజు వచ్చాడు. దాజు అంటే నేపాలీలో అన్నయ్య, అక్కడ పెద్దవాళ్ళను అలాగే పిలవాలి. గుప్పెడు ఆకు తీసి గట్టిగా పిసికి వదిలాడు. ముద్ద విచ్చుకోలేదు. కాడను వంచాడు, విరగలేదు. తర్వాత ఆకును మొహానికి దగ్గరగా పెట్టుకుని గట్టిగా పీల్చి నా చేతిలో పెట్టాడు. సాయంత్రం అదే ఆకు కోసిన గడ్డిలా వాసన వేసింది. ఇప్పుడు జామపండు, దాని వెనక ఏదో తెల్ల పువ్వు. "ఇంకో పావుగంట" అని వెళ్ళిపోయాడు. గోడకు గడియారమూ, తేమ కొలిచే మీటరూ ఉన్నాయి. అతను వాటివైపు చూడను కూడా చూడలేదు.

మీరు చూడాల్సింది కూడా అదే. ఆకును ఎవరు ముట్టుకుంటున్నారు, ఎప్పుడు చాలంటున్నారు? ఆ మనిషి ఎవరో కనుక్కుని ఆయన చేసిన బ్యాచ్ నంబర్ రాసుకోండి. ఒకే తోటలో రెండు రోజుల తేడాతో చేసిన టీలు రెండు రకాలుగా ఉంటాయి.

కొనేముందు రుచి ఎలా చూడాలి?

మూడు గ్రాముల ఆకు, 150 మిల్లీలీటర్ల మరిగిన నీళ్ళు, మూతపెట్టి ఐదు నిమిషాలు. టీ పరీక్షించేవాళ్ళు అటూఇటూగా వాడే కొలత ఇదే. ఇలా పెడితే చేదూ వగరూ పూర్తిగా దిగుతాయి, టీ లోపాలు దాచుకోలేదు. అమ్మేవాళ్ళు ముచ్చటైన చిన్న కప్పుల్లో పది సెకన్లు నానబెట్టి పోస్తే ఏ టీ అయినా తియ్యగానే ఉంటుంది. అలా ఇచ్చింది సంతోషంగా తాగండి, తర్వాత "ఒకసారి ఎక్కువసేపు నానబెట్టి ఇస్తారా?" అని మర్యాదగా అడగండి. నమ్మకమున్నవాళ్ళు వెంటనే ఒప్పుకుంటారు.

వేడిగా ఉన్నప్పుడు ఒకసారి, పూర్తిగా చల్లారాక ఇంకోసారి తాగండి. మాడు వాసన, పాత సరుకు చప్పదనం చల్లారాకే బయటపడతాయి. కప్పులో మిగిలిన తడి ఆకును వేళ్ళతో విప్పి చూడండి. రెండాకులు, ఒక మొగ్గ విరక్కుండా కనిపిస్తే కోత జాగ్రత్తగా జరిగిందని అర్థం. ముక్కలు, ముదురు కాడలు ఎక్కువుంటే ధర కూడా దానికి తగ్గట్టే ఉండాలి.

పొద్దున్నే ఆవకాయతో టిఫిన్ చేసి రుచి చూడటానికి వెళ్ళకండి. అలాగని ఖాళీ కడుపుతోనూ వద్దు. వరసగా పది రకాలు తాగితే కళ్ళు తిరుగుతాయి. నా సంచిలో ఎప్పుడూ పల్లీ పట్టీలు ఉంటాయి. సెంటు రాసుకోకండి. పక్కన కూర్చున్న అందరికీ వాసన పాడవుతుంది.

కొనేది పెద్ద మొత్తమైతే ముందు పాతిక గ్రాములు తీసుకుని, గదికి వెళ్ళి, మామూలు సీసా నీళ్ళతో మీరే పెట్టుకుని తాగండి. కొండ ఊటనీళ్ళతో అమృతంలా అనిపించిన టీ మన నీళ్ళతో నీరసంగా తేలడం చాలాసార్లు చూశాను.

డార్జిలింగ్ అని వేరే టీ అమ్ముతారట కదా?

అమ్ముతారు. మన దేశంలో భౌగోళిక గుర్తింపు దక్కిన మొట్టమొదటి సరుకు డార్జిలింగ్ టీయే. కానీ సరిహద్దుకు అవతల నేపాల్‌లోని ఇలామ్‌లో అదే రకం మొక్క, దాదాపు అదే వాతావరణం, ధర మాత్రం తక్కువ. ఆ టీ ఇటు వచ్చి డార్జిలింగ్ పేరుతో సంచుల్లోకి ఎక్కుతుంది. 2017లో గోర్ఖాలాండ్ ఆందోళనతో 104 రోజులు కొండంతా బంద్ అయినప్పుడు ఆ ఏడాది రెండో కోత చాలావరకు పోయింది. చాలామంది కొనేవాళ్ళు అప్పుడు నేపాల్ టీకి అలవాటుపడ్డారు.

ఇలామ్ టీ చెడ్డదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అక్కడి చిన్న రైతులు చాలా మంచి టీ చేస్తున్నారు, దాన్ని ఇలామ్ పేరుతోనే కొనాలి. వాళ్ళ కష్టానికి వేరే ఊరి పేరు తగిలించడమే నాకు నచ్చదు. డార్జిలింగ్ బజారులో విడిగా అమ్మే టీ కాకుండా, తోట పేరు, కోత, బ్యాచ్ నంబర్ ఉన్న ప్యాకెట్ తీసుకోండి.

యునాన్‌లో "వందల ఏళ్ళ చెట్టు టీ" నిజమేనా?

చెట్లు నిజం. షిష్వాంగ్‌బన్నా, దాని చుట్టుపక్కల కొండల్లో బులాంగ్, దై, హానీ తెగలవాళ్ళు తరతరాలుగా అడవి నీడలో టీ చెట్లు పెంచుతున్నారు. జింగ్‌మై కొండలోని పాత టీ వనాలను 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చెట్టెక్కి ఆకు కోయడం అక్కడ కళ్ళారా చూడొచ్చు. ఆ ఆకును పెద్ద మూకుడులో చేత్తో వేయించి, నలిపి, ఎండలో ఆరబెట్టి, ఆవిరి పట్టి, రాతి బరువు కింద బిళ్ళలుగా నొక్కుతారు. ఒక బిళ్ళ 357 గ్రాములు. ఏడు బిళ్ళలు వెదురు పట్టలో చుడితే దాదాపు రెండున్నర కిలోల కట్ట. ఇదే పూ-అర్. ఎండబెట్టి అలాగే దాచేది పచ్చి రకం. తడిపి కుప్పపోసి వారాల తరబడి పులియబెట్టేది మాగిన రకం, ఆ పద్ధతి 1973లో కున్‌మింగ్‌లో రూపుదిద్దుకుంది. ఇది వంకాయ నల్లబడటం లాంటిది కాదు. ఇడ్లీ పిండి పులిసినట్టు సూక్ష్మజీవుల పని.

అయితే బజారులో "పాత చెట్టు" అని రాసి ఉన్న బిళ్ళలన్నిటికీ సరిపడా పాత చెట్లు ఆ కొండల మీద లేవు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఒక పట్టణంలోని షాపులో మూడు వందల ఏళ్ళ చెట్టుదని చెప్పిన బిళ్ళ నా వారం ఖర్చంత డబ్బు పెట్టి కొన్నాను. ఇంటికొచ్చి నానబెడితే ఐదోసారికే నీళ్ళు తేలిపోయాయి. నిజమైన పాత చెట్టు ఆకు పది, పన్నెండుసార్లు నీళ్ళు పోసినా రుచి దిగుతూనే ఉంటుంది. మింగాక గొంతులో మెల్లగా తీపి పుడుతుంది, ఉసిరికాయ తిని మంచినీళ్ళు తాగినట్టు. ఆ రోజు చాలా బాధపడ్డాను. డబ్బు పోయిందని కాదు, ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి గొప్పగా చెప్పాను.

అప్పటి నుంచి వయసుకు డబ్బు ఇవ్వడం మానేశాను. నాలుకకు నచ్చినదానికే ఇస్తాను. 2007లో పూ-అర్ ధరలు ఆకాశానికెక్కి అదే ఏడాది కుప్పకూలాయి. పెట్టుబడిగా కొన్నవాళ్ళు చాలామంది మునిగారు. "దాచుకుంటే ధర పెరుగుతుంది" అనే మాట వింటే లేచి వచ్చేయండి.

వుయీ కొండల్లో తల్లి చెట్ల దా హోంగ్ పావ్ దొరుకుతుందా?

దొరకదు. దా హోంగ్ పావ్ అంటే చైనాలోని వుయీ కొండల్లో పుట్టిన పేరున్న ఊలాంగ్, దానికి మూలమైన తల్లి చెట్లు ఆరే. ఆ ఆరు పొదల ఆకు కోయడం 2006 నుంచి ఆపేశారు. వెళ్ళి దూరం నుంచి చూడొచ్చు. ఆ కొండల రాతి సందుల్లో పెరిగే మిగతా ఊలాంగ్‌లు చాలా బాగుంటాయి, బొగ్గు సెగ మీద వేయించినవి అడగండి.

అస్సాంలో బ్రిటిష్‌వాళ్ళకు ముందే టీ తాగేవారా?

తాగేవారు. మీరు అడిగినందుకు సంతోషంగా ఉంది, ఎందుకంటే మన దేశంలోని అతి పాత టీ గురించి మనకే తెలియదు. ఎగువ అస్సాంలోనూ అరుణాచల్‌లోనూ ఉండే సింఫో తెగవాళ్ళు దాన్ని ఫలాప్ అంటారు. 1823లో స్కాట్లాండ్ వ్యాపారి రాబర్ట్ బ్రూస్‌కు ఈ మొక్క సంగతి తెలిసింది సింఫో నాయకుడు బీసా గామ్ ద్వారానే. ఆ తర్వాత 1839 జనవరిలో అస్సాం టీ లండన్‌లో వేలానికి వెళ్ళింది, తోటలు వచ్చాయి, సింఫోల పేరు మరుగున పడింది.

దిబ్రూగఢ్‌లో విమానం దిగి తిన్‌సుకియా మీదుగా మార్గెరిటా వైపు వెళితే ఆ ఊళ్ళు వస్తాయి. పొడవాటి కాళ్ళ మీద నిలబెట్టిన వెదురు ఇళ్ళు, ఇంటి మధ్యలో పొయ్యి, పొయ్యి మీద వేలాడే అటక. బాణలిలో వేయించిన ఆకును నలిపి, ఎండబెట్టి, పచ్చి వెదురు గొట్టంలో కర్రతో దట్టించి ఆ అటక మీద పెడతారు. ఇంట్లో వంట జరుగుతున్నన్ని రోజులూ దానికి పొగ తగులుతూనే ఉంటుంది. నేనున్న ఇంట్లో పెద్దావిడ ఒక గొట్టం దించి కత్తితో వెదురును చీల్చింది. లోపల ఆకు నల్లటి కర్రముక్కలా బిగుసుకుపోయి ఉంది. దాన్ని మన బెల్లం దిమ్మ చెక్కినట్టు చెక్కి, వేడినీళ్ళలో వేసి ఇచ్చింది. నారింజ రంగు, పొగ వాసన, చేదు అసలు లేదు. పాలు లేవు, పంచదార లేదు. నా టీ ప్రయాణాలన్నిటిలో ఒక్కటే కప్పు ఎంచుకోమంటే ఇదే.

ఫలాప్ వాళ్ళు ముందు తమ ఇంటి కోసం చేసుకునేది. వెళ్ళగానే "కిలో ఎంత?" అని అడగకండి. ఒకరోజు ఉండి, వాళ్ళు పెట్టింది తిని, మిగులు ఉంటే ఇమ్మనండి.

బేరం ఆడొచ్చా?

షాపులో ఆడండి. చేసినవాళ్ళ దగ్గర వద్దని నా అభిప్రాయం. ఒక కిలో టీకి నాలుగు కిలోలకు పైగా పచ్చి ఆకు కావాలి, డార్జిలింగ్‌లో అదంతా వాలు మీద నిలబడి చేత్తో కోసిందే. పశ్చిమ బెంగాల్ తోటల్లో రోజు కూలి 2023లో 250 రూపాయలు చేశారు. మనం తగ్గించమన్న వంద ఎవరి మీద పడుతుందో చూస్తూ చూస్తూ బేరం ఎలా ఆడతాం? ధర ఎక్కువనిపిస్తే తక్కువ టీ కొనండి.

తూకం విషయంలో ఒక జాగ్రత్త. చైనాలోనూ తైవాన్‌లోనూ జిన్ లెక్కన ధర చెబుతారు. చైనా జిన్ 500 గ్రాములు, తైవాన్ జిన్ 600. ఇది తెలియక రెండు చోట్ల ధరలు పోల్చుకుని టెన్షన్ పడినవాళ్ళున్నారు.

భాష, తిండి ఇబ్బంది అవుతాయా?

భాష అవుతుంది, కానీ ఫోన్లో అనువాదంతో పని జరిగిపోతుంది. టీ పోసినప్పుడు రెండు వేళ్ళతో బల్ల మీద మెల్లగా తడితే చైనా, తైవాన్‌లలో కృతజ్ఞత చెప్పినట్టు. శాకాహారులకు తైవాన్ చాలా సుఖం, బౌద్ధుల శాకాహార హోటళ్ళు చిన్న ఊళ్ళలో కూడా ఉంటాయి. యునాన్ కొండ ఊళ్ళలో, సింఫోల ఇళ్ళలో ముందే చెప్పాలి. కాస్త పచ్చడి, కందిపొడి వెంట ఉంటే ధైర్యం. వాటిని టీ పెట్టే సంచిలో మాత్రం పెట్టకండి.

జపాన్ నుంచి మచ్చా తేవచ్చా?

తేవచ్చు. మచ్చా అంటే మెత్తగా విసిరిన గ్రీన్ టీ పొడి. దానికోసం క్యోటో పక్కనే ఉన్న ఉజీకి వెళ్ళండి. కోతకు ముందు దాదాపు మూడు వారాలు తోటను పందిరి వేసి నీడలో పెడతారు, అది చూడటానికి ఏప్రిల్ చివర బాగుంటుంది. 2024 చివరి నుంచి గిరాకీ విపరీతంగా పెరిగి కొన్ని షాపులు మనిషికి ఇన్ని డబ్బాలే అని పరిమితి పెట్టాయి. మచ్చా త్వరగా పాడవుతుంది, రెండు నెలలకు సరిపడా చాలు.

ఎంత తెచ్చుకోవచ్చు? కస్టమ్స్‌లో ఆపుతారా?

ఇంటి వాడకానికి కిలో, రెండు కిలోల సీలు వేసిన ప్యాకెట్లు, బిల్లులతో సహా తెస్తే నాకెప్పుడూ ఇబ్బంది రాలేదు. అమ్మకానికైతే దారి వేరు. దిగుమతి కోడ్, ఆహార భద్రతా సంస్థ లైసెన్సు కావాలి, టీ మీద మామూలు దిగుమతి సుంకమే 100 శాతం. సూట్‌కేసులో తెచ్చి అమ్మే ఆలోచన పెట్టుకోకండి.

ఇంటికి తెచ్చాక ఎలా దాచాలి?

టీ చుట్టుపక్కల ఏ వాసన ఉన్నా పీల్చేసుకుంటుంది. మా ఇంట్లో ఒక అలీషాన్ ఊలాంగ్ ప్యాకెట్, మూత వదులైన ఇంగువ డబ్బా ఒకే అలమారలో నాలుగు రోజులు ఉన్నాయి. తర్వాత ఆ టీని పారేయాల్సి వచ్చింది. మసాలాలు, అగరొత్తులు, కర్పూరం లేని చోట, గాలీ వెలుతురూ తగలకుండా, చిన్న చిన్న ప్యాకెట్లుగా దాచండి. ఒకటి తెరిచాక అది అయిపోయేదాకా ఇంకోటి తెరవకండి. గ్రీన్ టీ, ఫస్ట్ ఫ్లష్ ఏడాదిలోపు తాగేయాలి. ఫ్రిజ్‌లో పెడితే తీసిన వెంటనే తెరవకండి, గది వేడికి వచ్చాక తెరవండి, లేకపోతే లోపల తేమ చేరుతుంది. పూ-అర్‌కు మాత్రం కొంచెం గాలి కావాలి, కాగితం చుట్టి మట్టికుండలో పెట్టినా చాలు. విశాఖ, కాకినాడల్లో ఉండేవాళ్ళు వానాకాలంలో నెలకోసారి బూజు చూసుకోవాలి.

ఈ టీల్లో పాలు పోసుకోవచ్చా?

అస్సాం ఆకు టీలో, శ్రీలంక టీలో పోసుకోండి, బాగుంటుంది. మిగతావి ఒకసారి ఉత్తవే తాగి చూడండి. నీళ్ళు మరిగాక గ్రీన్ టీకి మూడు నాలుగు నిమిషాలు ఆగి పోయండి, బ్లాక్ టీకి వెంటనే పోయండి. మా అమ్మ మొదటి రోజు ఫస్ట్ ఫ్లష్ తాగి "ఇదేం టీ, వేడినీళ్ళలా ఉంది" అంది. మూడో రోజు సాయంత్రం వంటింట్లోంచి, "నిన్నటి ఆ పూలవాసన టీ ఏ డబ్బాలో ఉందిరా?" అని అడిగింది.